ఈ వారం సమస్య: మంత్రి చావ రాజు మదిని మురిసె

నిర్వాహకుడు (తిరుపతి):
ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

మంత్రి చావ రాజు మదిని మురిసె

పైపైన చదివితే రాజుగారికి మతి చెడిందనిపిస్తుంది. చదరంగంలోకి దిగితే చక్కగా అర్థమవుతుంది. కాబట్టి నిబంధన ఇది: ఇప్పటిదాకా లోకంలో ఆడిన ఆటలన్నిటిలో మీ దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఏదో, దాని మీదే పూరణ ఉండాలి. ఎందుకు గొప్పదో వచనంలో రెండు ముక్కలు రాయండి.

కొత్తవాళ్లకు ఒక మాట. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు. ఒంటె అన్నా శకటు అన్నా బిషప్పే, ఏది వాడినా సరే. మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్, షా అంటే చెక్. బీ8, డీ4 లాంటివి బోర్డు మీద గళ్ల పేర్లు. ఛందస్సు నేను చూస్తాను, ఎత్తులు చదరంగం మాస్టారు చూస్తారు. ఆయనకు పాత ఆటలన్నీ కంఠతా వచ్చు, అక్కడ మాత్రం బుకాయింపులు కుదరవు.

అలిపిరి కుర్రోడు:
అన్నా, మొదటిసారి రాస్తున్నా. కొంచెం టెన్షన్‌గానే ఉంది. నా ఓటు 1858లో పారిస్ ఒపేరాలో మార్ఫీ ఆడిన ఆటకి.

పాట సాగుచుండ పారిసు నగరాన
ఆట నాడె మార్ఫి యద్భుతముగ
ఏన్గు వచ్చి పగర నిట్టె కట్టడి సేయ
మంత్రి చావ రాజు మదిని మురిసె

పదిహేడు ఎత్తుల్లో అయిపోయింది. పదహారో ఎత్తులో మంత్రిని బీ8లో పెట్టి గుర్రానికి మేత వేశాడు, పదిహేడులో ఏనుగు డీ8కి వచ్చి ఆట కట్టింది. చదరంగం నేర్చుకునేవాళ్లకి మొదట చూపించే ఆట ఇదే కదా.

నిర్వాహకుడు:
మొదటిసారికి చాలా బాగుంది తమ్ముడూ. గణాలు, యతి ఎక్కడా తప్పలేదు. ‘పగర’ అని బహువచనం వేయడం నాకు నచ్చింది. అటువైపు కూర్చున్నది ఒకరు కాదు, బ్రన్స్‌విక్ డ్యూకు, ఇజువార్ కౌంటు ఇద్దరూ కూడబలుక్కుని ఆడారు. ఇక దోషం: రెండు, మూడు పాదాలు అచ్చుతో మొదలయ్యాయి. ‘నగరాన ఆట’, ‘అద్భుతముగ ఏన్గు’ అని విడిగా వదిలేస్తే విసంధి. రెండుచోట్లా ద్రుతం (మాట చివర దాగిన నకారం) ఉంది కాబట్టి నకారం తెచ్చుకుంటే సరిపోతుంది.

పాట సాగుచుండ పారిసు నగరాన
నాట నాడె మార్ఫి యద్భుతముగ
నేన్గు వచ్చి పగర నిట్టె కట్టడి సేయ
మంత్రి చావ రాజు మదిని మురిసె

చదరంగం మాస్టారు:
ఎత్తులు సరిగ్గా ఉన్నాయి. ఏనుగు ఒంటరిగా కట్టలేదు, జీ5లో ఉన్న ఒంటె కాపు కాసింది. పద్యంలో అది రాకపోయినా పరవాలేదు. కానీ నాయనా, నేర్పడానికి మంచి ఆట వేరు, గొప్ప ఆట వేరు. ఎదురున్న ఇద్దరూ సరదాకి ఆడేవాళ్లు. ఆరో క్లాసు పిల్లాడికి నేనూ ఈ ఆటే చూపిస్తా. అన్నిటికన్నా గొప్పదంటే మాత్రం ఒప్పుకోను.

చిత్తూరు టీచరమ్మ:
అయితే నాది వినండి. 1851 జూన్ 21, లండన్. ఆండర్సన్, కీసెరిట్‌స్కీ. ‘అమర క్రీడ’ అని ఊరికే పేరు రాలేదు.

ఒంటె నిచ్చె, పిదప నొసగె నేన్గులు రెండు
బలము కరగ నాట పట్టు విడక
జంట హయము లొంటె జతగూడి బిగియింప
మంత్రి చావ రాజు మదిని మురిసె

ఒంటె పోయింది, రెండు ఏనుగులూ పోయాయి, ఇరవై రెండో ఎత్తులో మంత్రీ పోయింది. ఇరవై మూడో ఎత్తులో చిన్న బలాలు మూడు కలిసి రాజును కట్టేశాయి. అప్పటికి నల్లవాడి వైపు పోయినవి మూడు బంట్లే! అంత బలగం పెట్టుకుని ఓడిపోయాడు పాపం.

నిర్వాహకుడు:
అక్కా, పద్యం నడక హాయిగా ఉంది. బలాలు పోయిన వరుస కూడా ఆటలో ఎలా జరిగిందో అలాగే వచ్చింది. ‘బలము కరగ’ దగ్గర ఒక్క క్షణం ఆగాను. కరిగింది బలమే గానీ పట్టు కాదని వెంటనే తేల్చేశారు. ఒకటే లోటు, కర్త లేడు. ఇచ్చింది ఎవరు? ఆండర్సన్ పేరు ఎక్కడైనా ఇరికించలేరా?

చిత్తూరు టీచరమ్మ:
ఇరికించను సార్. ఆ పేరును ‘అండరుసను’ అని సాగదీస్తే గణం కుదురుతుంది, చెవి ఊరుకోదు. ఏ ఆటో వచనంలో చెప్పానుగా.

చదరంగం మాస్టారు:
పద్యానికి దండం అమ్మా. ఆట సంగతి వేరు. అది టోర్నమెంటు ఆట కాదు, విరామంలో ఆడుకున్నది. కీసెరిట్‌స్కీ మంచి ఆటగాడే, కానీ ఆ పూట ఇచ్చినవన్నీ పుచ్చుకుంటూ పోయాడు. మంత్రిని ఊరంతా తిప్పాడు, సొంత బలాలను మాత్రం ఇంట్లోనే ఉంచేశాడు.

కాణిపాకం కవి:
నాకు చదరంగం రాదు. సమస్య మాత్రం విరుస్తా. మూడో పాదం చూడండి.

వాడవాడ లోన వల పన్ను నొక్క కు
మంత్రి చావ రాజు మదిని మురిసె

కుమంత్రి చస్తే ఏ రాజైనా మురుస్తాడు. పై రెండు పాదాలు మీకు నచ్చినట్టు రాసుకోండి!

నిర్వాహకుడు:
సామీ, అవధానంలో అయితే చప్పట్లు పడేవి. ముందు పాదం చివర ఒక్క అక్షరం ఉంచి అర్థం తిప్పేయడం మన పెద్దల విద్యే. ఇక్కడ ఆట పేరు లేదు, పైగా సగం పద్యం మా మీద వదిలేశారు. పోటీకి లెక్కలోకి తీసుకోను.

శ్రీకాళహస్తి అక్క:
ఫిషర్‌ని ఎవరూ తలవలేదేం? 1956, న్యూయార్క్. పిల్లవాడికి పదమూడేళ్లు, ఎదురుగా డొనాల్డ్ బైర్న్.

పదియు మూడు నిండ బాబి ఫిషరు చేత
చిత్తు చిత్తు గాగ జిక్కె బైర్ను
గుఱ్ఱమొకటి తిరుగ గుమ్మరి సారెగా
మంత్రి చావ రాజు మదిని మురిసె

నిర్వాహకుడు:
మూడో పాదం బంగారం. ‘తిరుగ’ తరువాత కుమ్మరి గుమ్మరి కావడం, గకారాలు వరుసగా దొర్లడం, నిజంగానే చక్రం తిరిగినట్టుంది. రెండో పాదంలో ‘చిత్తు చిత్తు గాగ’ మాత్రం యతి కోసం తెచ్చిన సరుకు. మొదటి, మూడో పాదాల మధ్య అది పేలవంగా ఉంది.

చదరంగం మాస్టారు:
కుమ్మరి సారె పోలిక అలంకారం కోసం పెట్టింది కాదు, ఆటలో ఉన్నదే. పదిహేడో ఎత్తులో ఫిషర్ శకటును ఈ6కి జరిపి మంత్రిని వదిలేశాడు. బైర్న్ తిన్నాడు. ఇక చూడండి, శకటు సీ4లో షా, గుర్రం ఈ2లో షా, డీ4లో షా, మళ్లీ ఈ2లో షా, సీ3లో షా. వరుసగా ఐదు. తెల్లరాజు జీ1, ఎఫ్1 అనే రెండు గళ్ల మధ్య తచ్చాడుతూనే ఉన్నాడు. ఆ తిరుగుడు ఆగేసరికి మంత్రికి బదులు ఫిషర్ చేతికి ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక బంటు వచ్చాయి. నలభై ఒకటో ఎత్తులో ఆట కట్టినప్పుడు తెల్లమంత్రి బతికే ఉంది, బీ8లో కూర్చుని చూస్తోంది. చదరంగం రచయిత హాన్స్ క్మోచ్ దాన్ని ‘శతాబ్దపు ఆట’ అని రాశాడు. ఆ మాట అన్న నాటికి శతాబ్దం సగమే గడిచిందనుకోండి.

పుత్తూరు బాబాయి:
ఆనంద్ లేకుండా ఏం పోటీ అబ్బా ఇది! 2013లో వైక్ ఆన్ జీలో అరోనియన్ మీద నల్లబలాలతో ఇరవై మూడు ఎత్తుల్లో గెలిచాడు. పద్యం రేపు పెడతా.

చదరంగం మాస్టారు:
బాబాయ్, రేపు పెట్టినా చెల్లదు. ఆ ఆటలో మంత్రులు రెండూ చివరిదాకా బతికే ఉన్నాయి. మంత్రి చావనిదే సమస్య తీరదు. మీరు దాని అన్నను పట్టుకోండి. 1907లో లోజ్‌లో రోట్లెవీ మీద రూబిన్‌స్టెయిన్ ఆడిన ఆట. అక్కడా రెండు ఒంటెలూ తెల్లరాజు మీదికే గురిపెట్టి ఉంటాయి, కానీ మంత్రిని హెచ్4లో బంటుకు వదిలేస్తాడు. గెలిచాక ఆనంద్ కూడా ఆ ఆటనే తలుచుకున్నాడు. నూట ఆరేళ్లు గడిచినా ఒకడికి గుర్తొచ్చి, రెండోసారి పనికొచ్చిందంటే అంతకన్నా ఏం కావాలి!

పుత్తూరు బాబాయి:
సమస్య ఇచ్చినప్పుడే ఆనంద్‌కి అన్యాయం చేశారన్నమాట.

ఎస్వీయూ పాత విద్యార్థి:
అన్యాయం ఆనంద్ ఒక్కడికే కాదు బాబాయ్. సొంత మంత్రిని బలిచ్చిన ఆటలే అందరూ తెస్తున్నారు. చచ్చింది ఎవరి మంత్రో, మురిసింది ఎవరి రాజో సమస్యలో ఎక్కడుంది? 1999, అదే వైక్ ఆన్ జీ, కాస్పరోవ్ మీద టోపలోవ్.

నల్లరాజు నడచె నడి మాడ వీధిలో
తరుము చుండ తెల్ల దండు వెంట
కాస్పరోవు శకటు కడుపున బొడవగా
మంత్రి చావ రాజు మదిని మురిసె

చచ్చింది నల్లమంత్రి, ముప్పై ఎనిమిదో ఎత్తులో సీ4 గడిలో. మురిసింది తెల్లరాజు.

నిర్వాహకుడు:
ఆలోచన అదిరింది. అన్వయం బెసికింది. మొదటి పాదంలో నల్లరాజును తెచ్చి, నాలుగో పాదంలో వట్టి ‘రాజు’ అంటే, చదివేవాడు ఆ నల్లరాజే తన మంత్రి చావుకు మురిశాడనుకుంటాడు. సమస్యలోని అసంగతం తీరకపోగా రెట్టింపయింది. మొదటి పాదంలో రాజు అనే మాటే రాకూడదు.

చదరంగం మాస్టారు:
నాదీ ఒక అభ్యంతరం. నడి మాడ వీధి ఎక్కడిది? తిరుమలలో గుడి చుట్టూ నాలుగు మాడ వీధులున్నాయి, నడుమ వీధి లేదు. బోర్డును తెల్లవాడి వైపు నుంచి చూడండి. ఎడమ అంచున ఏ వరుస పడమర మాడ వీధి, వాడి సొంత మొదటి వరుస దక్షిణ మాడ వీధి. ఆ రాజు ఏ7లో బయల్దేరి, ఏ5, ఏ4, ఏ3 మీదుగా పడమర వీధి దిగి, బీ4, సీ3, డీ2 అడ్డదారిన డీ1 చేరాడు. ఆట ముగిసేసరికి ఈ1లో ఉన్నాడు. అంటే నల్లరాజు శత్రువు ఇంటి గడపలో ఉన్నాడు. ఇంత చక్కగా ఊరేగిస్తే మీరు నడివీధి అంటారేం?

ఎస్వీయూ పాత విద్యార్థి:
సవరించాను.

పడమ టుండి మాడ బట్టి దక్షిణదిశ
దరుము చుండ తెల్ల దండు దొరను
కాస్పరోవు శకటు కడుపున బొడవగా
మంత్రి చావ రాజు మదిని మురిసె

శ్రీకాళహస్తి అక్క:
‘దొరను’ అంటే ఏ దొర? నల్ల అనే మాట ఎగిరిపోయింది.

నిర్వాహకుడు:
తెల్లదండు తరిమేది తెల్లదొరను కాదు కదమ్మా. నాకు చెల్లుతుంది.

చిత్తూరు టీచరమ్మ:
మాస్టారూ, నా ఆటలో కీసెరిట్‌స్కీ అన్నీ పుచ్చుకున్నాడన్నారు. టోపలోవ్ చేసిందేమిటి? ఇరవై నాలుగో ఎత్తులో ఏనుగును డీ4లో పెడితే తినేశాడు. తినకుండా రాజును బీ6కి జరిపి ఉంటే ఈ ఊరేగింపే లేదు.

చదరంగం మాస్టారు:
నిజమేనమ్మా, బీ6కి జరిపితే నల్లవాడికి భయమే లేదు. కానీ టోపలోవ్ కళ్లు మూసుకుని తినలేదు. తరువాత 2005లో ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. లెక్క వేసుకునే తిన్నాడు, ఆ లెక్కకు అవతల కాస్పరోవ్ ఇంకొంత చూశాడు. రెండో ఏనుగు ఈ7లో షా చెప్పడం, ముప్పై ఆరో ఎత్తులో శకటు మెల్లగా ఎఫ్1కి వెనక్కి రావడం. ఆ చివరిది చూడండి, వేటలో ఉన్నవాడు ఎవడైనా వెనక్కి అడుగు వేస్తాడా? నల్లమంత్రికి చావు ఆ అడుగులోనే రాసి ఉంది. ఇచ్చింది తీసుకున్నవాడు ఎంతవరకు చూసి తీసుకున్నాడు, నేను అడిగేది అదే. డ్యూకు ఏమీ చూడలేదు. కీసెరిట్‌స్కీ కొంచెం చూశాడు. టోపలోవ్ దాదాపు అంతా చూశాడు.

నిర్వాహకుడు:
ఇక తీర్పు. ఆటల్లో కాస్పరోవ్, టోపలోవ్ ఆటకే నా ఓటు, మాస్టారి కొలత నాకూ నచ్చింది. పద్యాల్లో టీచరమ్మగారిది మొదటిది. కర్త లేకపోయినా ఒక్క మాట కూడా పూరణ కోసం అతికించినట్టు లేదు. మూడో పాదం ఒక్కదానికే బహుమతి ఉంటే కుమ్మరి సారెకిచ్చేవాణ్ని.

పుత్తూరు బాబాయి:
వచ్చే వారమైనా మనవాళ్లను తలవండి సార్.

నిర్వాహకుడు:
సరే బాబాయ్. వచ్చే వారం పూరణ హంపి, హారిక, హరికృష్ణ, అర్జున్ ఆడిన ఆటల మీదే. ఆనంద్‌కి కూడా తలుపు తీసే ఉంటుంది. సమస్య ఇదిగో, మళ్లీ ఆటవెలదే.

బంటు దెబ్బ కేన్గు పరుగు దీసె