8 నెలల్లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు): అమెరికా ఫాస్ట్‌ట్రాక్ స్కూళ్ళు మనవాళ్ళకి లాభమా, నష్టమా?

గాలివాటం:
ఇంటర్ ఎంపీసీ అయిన పిల్లల తల్లిదండ్రులు పదే పదే అడుగుతున్నారు కాబట్టి విడిగా చర్చ పెడుతున్నా. ఫ్లోరిడా, టెక్సస్, ఆరిజోనాల్లో ‘సున్నా నుంచి కమర్షియల్ దాకా 7–9 నెలలు’ అంటున్న స్కూళ్ళకి పంపడం మంచిదా, లేక ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టినా ఇక్కడే చేయించడం మంచిదా? గమ్యం ఇండియాలో ఎయిర్‌లైన్ ఉద్యోగం అనుకుని మాట్లాడుకుందాం. అమెరికాలో సీఎఫ్ఐ (ఫ్లైయింగ్ ఇన్‌స్ట్రక్టర్)గా పనిచేసి అక్కడి ఎయిర్‌లైన్‌కి కావాల్సిన 1,500 గంటలు పూర్తి చేసే దారి వేరే కథ.

నా మాట ముందే చెప్పేస్తా. ఆ స్కూళ్ళలో త్వరగా వచ్చేది ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) లైసెన్సు. మనకి కావాల్సింది డీజీసీఏ (మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు. ఈ రెండింటి మధ్య దూరం బ్రోషర్‌లో ఉండదు. ఆ దూరం లెక్కేస్తే 8 నెలలు చాలామందికి 15, 16 నెలలవుతాయి. ఖర్చు కూడా దాంతోపాటే పెరుగుతుంది.

నావ్‌లాగ్:
గాలివాటం గారూ, లెక్క రెండు వైపులా వేయాలి కదండీ. ఇక్కడ 200 గంటలకి ఏడాదిన్నర ఎందుకు పడుతోంది? విమానాలు షెడ్డులో, విడిభాగాలు కస్టమ్స్‌లో, ఇన్‌స్ట్రక్టర్లు ఎయిర్‌లైన్స్‌లో! జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఉత్తరాది స్కూలైతే డిసెంబరు, జనవరిల్లో పొగమంచు. బేగంపేట లాంటి చోట వీఐపీ రాకపోకలుంటే ఆ పూట అంతే సంగతులు. వారంలో రెండు సార్టీలు (శిక్షణ ఫ్లైట్లు) దొరికితే గొప్ప.

అలా ఎగిరే విద్యార్థికి ప్రతి సార్టీలో మొదటి 20 నిమిషాలు పోయినసారి నేర్చుకున్నది గుర్తు చేసుకోడానికే సరిపోతుంది. రోజూ ఎగిరేవాడికి ఆ నష్టం లేదు. ఫాస్ట్‌ట్రాక్ అంటే హడావుడి అనుకుంటారు గానీ, అందులో సగం లాభం మధ్యలో ఖాళీలు లేకపోవడమే. ప్రైవేట్ పైలట్‌కి ఎఫ్ఏఏ కనీస గంటలు పార్ట్ 61లో (మామూలు నిబంధనల కింద నేర్పే పద్ధతి) 40, పార్ట్ 141లో (ఎఫ్ఏఏ ఆమోదించిన సిలబస్‌తో నడిచే స్కూలు) 35. చాలామందికి 60–70 పడుతుంది. ఆ తేడాలో పెద్ద వాటా ఖాళీలదే.

హుడ్‌కింద:
చదువు నాణ్యత సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు లాగ్‌బుక్. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, స్కూలు తప్పేమీ లేకుండానే.

డీజీసీఏకి సీపీఎల్ కోసం మొత్తం 200 గంటలు, అందులో 100 గంటలు పీఐసీ (పైలట్ ఇన్ కమాండ్, అంటే ఫ్లైట్ బాధ్యత తనదిగా ఎగిరినవి) కావాలి. ఎఫ్ఏఏ పార్ట్ 61లో 250 గంటలు చేసి వస్తారు కాబట్టి బోలెడు మిగులు ఉందనుకుంటారు. లేదు. ‘పీఐసీ’ అన్న మాట ఒకటే, లెక్క రెండు.

ఎఫ్ఏఏ రూల్ 61.51 ప్రకారం, ఆ తరగతి విమానానికి రేటింగ్ ఉన్న పైలట్ కంట్రోల్స్ తానే పట్టుకుని నడిపితే, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నా ఆ సమయాన్ని పీఐసీగా రాసుకోవచ్చు. మన దగ్గర అది డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరే శిక్షణ). అలాగే ఒకరు హుడ్ (బయట కనపడకుండా కళ్ళకి పెట్టుకునే అడ్డు) పెట్టుకుని ఎగురుతుంటే, పక్కన కూర్చుని బయట చూసే సేఫ్టీ పైలట్ కూడా, ఆ ఫ్లైట్‌కి బాధ్యత తనదైతే, పీఐసీ రాసుకోవచ్చు. మన లెక్కలో ఒకే విమానానికి ఒకే సమయంలో ఇద్దరు పీఐసీలుండరు.

ఒక మామూలు 250 గంటల లాగ్‌బుక్ తీసుకోండి. పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) దాకా 65 గంటలు, అందులో సోలో 12. తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ (బయట చూడకుండా మీటర్లతోనే ఎగరడం), కమర్షియల్ డ్యూయల్ కలిపి 75. మిగిలిన 110లో 30 ఒంటరిగా. 80 రూమ్‌మేట్‌తో కలిసి: 40 హుడ్ కింద, 40 సేఫ్టీ పైలట్‌గా. ఎఫ్ఏఏ లెక్కలో పీఐసీ 12+75+110 = 197. డీజీసీఏ లెక్కలో ఖాయంగా నిలబడేది 12+30 = 42. హుడ్ కింద ఎగిరిన 40 గంటలకి రూమ్‌మేట్ తన పుస్తకంలో పీఐసీ రాసుకోకుండా ఉంటే 82. వందకి ఇంకా 18 తక్కువ! మొత్తం గంటల్లోంచి కూడా ఆ సేఫ్టీ పైలట్ 40 తీసేస్తే మిగిలేది 210.

ఫాస్ట్‌ట్రాక్ స్కూళ్ళు గంటలు పూర్తి చేయించడానికి ఇద్దరిద్దరిని జత చేసి పంపుతాయి. ఖర్చు సగమవుతుంది, అమెరికాలో ఉద్యోగం చేసేవాడికి అది చక్కటి పద్ధతి. మనవాడికి అసలుకే ఎసరు.

పార్ట్ 141లో ఇంకో చిక్కు. అక్కడ కమర్షియల్ 190 గంటలకే పూర్తవుతుంది. డీజీసీఏ 200 అడుగుతుంది. లైసెన్సు చేతికొచ్చాక ఆ పది గంటల కోసం మళ్ళీ అక్కడే విమానం అద్దెకి తీసుకోవాలి.

ఇంటర్‌సెకండియర్:
అన్నా, మరి 300 నాటికల్ మైళ్ళ క్రాస్ కంట్రీ (ఒక చోటు నుంచి దూరంలోని ఇంకో చోటికి ఎగరడం) ఎఫ్ఏఏలో కూడా ఉంటుంది కదా, అది సరిపోతుందా? నైట్ గంటలు?

హుడ్‌కింద:
సరిపోతుంది తమ్ముడూ, ఒంటరిగా ఎగిరితే. ఎఫ్ఏఏది మొత్తం 300 నాటికల్ మైళ్ళు, మూడు చోట్ల ల్యాండింగ్, ఒక చోటు బయల్దేరిన దగ్గర్నుంచి నేరుగా 250 దూరంలో ఉండాలి. డీజీసీఏ రెండు వేర్వేరు ఎయిరోడ్రోముల్లో ఫుల్‌స్టాప్ ల్యాండింగ్ అడుగుతుంది. టచ్ అండ్ గో (దిగి, ఆగకుండా మళ్ళీ లేవడం) చేసి వచ్చేయకు. ఇంకోటి, ఎఫ్ఏఏ ఆ గంటల్ని సోలోకి బదులు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని ‘పీఐసీ విధులు నిర్వర్తిస్తూ’ కూడా చేయనిస్తుంది. ఇన్సూరెన్స్ కోసం కొన్ని స్కూళ్ళు అలాగే చేయిస్తాయి. వద్దని ముందే చెప్పు.

రాత్రి 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు కూడా పీఐసీగానే ఉండాలి. అవి దరఖాస్తుకి ముందు ఆరు నెలల లోపు చేసినవై ఉండాలి. ఇండియాకొచ్చి పరీక్షలు రాసుకుంటూ కూర్చుంటే ఆ గడువు జారిపోతుంది.

అమెరికా లాగ్‌బుక్‌లో బయల్దేరిన సమయం, దిగిన సమయం అనే గడులే ఉండవు. 1.3 అని పదోవంతుల్లో రాస్తారు, అంటే గంటా 18 నిమిషాలు. మొదటి రోజు నుంచీ డీజీసీఏ నమూనా లాగ్‌బుక్ ఇంకోటి పెట్టుకుని చాక్స్ ఆఫ్, చాక్స్ ఆన్ (విమానం కదిలిన, ఆగిన సమయాలు) యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) రాసుకో. ఎనిమిది నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవి ఆ స్కూలు టెక్‌లాగ్‌తో (విమానం ఎగిరిన రికార్డు) సరిపోలవు.

తోకచక్రం:
ఈ లెక్కలన్నీ కరెక్టే. కానీ ఇది ఫాస్ట్‌ట్రాక్ తప్పు కాదు, అడగకుండా వెళ్ళినవాళ్ళ తప్పు. నిదానంగా నేర్పే పార్ట్ 61 స్కూలుకెళ్ళినా ఇవే తిప్పలు.

ఫాస్ట్‌ట్రాక్‌కి ప్రత్యేకమైన జబ్బు వేరే ఉంది. ఆ స్కూళ్ళ నెలల లెక్కంతా చెక్‌రైడ్ (లైసెన్సు కోసం ఎగిరి చూపించే పరీక్ష) అనుకున్న రోజు దొరుకుతుందన్న నమ్మకం మీద నిలబడి ఉంటుంది. చెక్‌రైడ్ తీసుకునే డీపీఈలు (ఎఫ్ఏఏ నియమించిన పరీక్షకులు) తక్కువ, విద్యార్థులు ఎక్కువ. అభ్యర్థికి పరీక్ష జరిగే నెలకి ముందు రెండు క్యాలెండర్ నెలల్లోపు, పరీక్ష కోసమే చేసిన 3 గంటల డ్యూయల్ ఉండాలి. డీపీఈ తేదీ వెనక్కి జరిగితే ఆ 3 గంటలు మళ్ళీ ఎగరాలి, మళ్ళీ డబ్బు కట్టాలి. ఈలోగా పవర్ ఆఫ్ 180 (ఇంజిన్ పవర్ తగ్గించి, 180 డిగ్రీలు తిరిగి అనుకున్న చోట దిగడం) పట్టు తప్పుతుంది. కమర్షియల్‌లో అనుకున్న చోటు నుంచి 200 అడుగుల లోపే దిగాలి, ముందు ఒక్క అడుగు కూడా పడకూడదు. రెండు వారాలు ఖాళీగా ఉన్న చెయ్యి ఆ 200 అడుగుల్ని పట్టలేదు.

కాబట్టి స్కూలుని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎన్ని నెలలు’ కాదు, ‘మీకు ఎగ్జామినింగ్ అథారిటీ ఉందా’. పార్ట్ 141లో కొన్ని స్కూళ్ళకే అది ఉంటుంది, వాళ్ళ సొంత చెక్ ఇన్‌స్ట్రక్టరే ఫైనల్ టెస్ట్ చేస్తారు, డీపీఈ కోసం ఆగక్కర్లేదు. రెండోది, విమానాలెన్ని, విద్యార్థులెందరు? శిక్షణకి అద్దెకిచ్చే విమానానికి ప్రతి 100 గంటలకీ తనిఖీ తప్పనిసరి. రోజంతా తిరిగే సెస్నా 172కి నెలకోసారి ఆ వంతు వస్తుంది. నలుగురికొకటి చొప్పున ఉంటే ఫర్వాలేదు. ఎనిమిది మందికొకటి అంటే వాళ్ళ ‘రోజుకి రెండు సార్టీలు’ కాగితం మీద మాటే.

ఇన్‌స్ట్రక్టర్ల సంగతి సరేసరి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ 3407 కూలాక వచ్చిన చట్టం వల్ల అమెరికా ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు కావాలి. సీఎఫ్ఐలు ఆ గంటల కోసమే నేర్పుతారు, నిండగానే వెళ్ళిపోతారు. ఎనిమిది నెలల్లో ఇద్దరు ముగ్గురు మారడం మామూలే. కొత్తగా వచ్చినవారు మళ్ళీ మొదటినుంచి చూసి గానీ సంతకం పెట్టరు.

నావ్‌లాగ్:
తోకచక్రం గారి ప్రశ్నలు బంగారం. అయితే అవే ప్రశ్నలు ఇక్కడి స్కూళ్ళని అడిగి చూడండి, సమాధానమే రాదు.

గాలివాటం:
నాణ్యత మాటకొద్దాం. నావ్‌లాగ్ గారు ఖాళీలు లేకపోవడమే లాభమన్నారు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి ఒప్పుకుంటా. స్కాన్, హోల్డింగ్ ఎంట్రీ, అప్రోచ్ బ్రీఫింగ్ ఇవన్నీ వరుసగా చేస్తేనే వస్తాయి. రాతపరీక్ష ముందే పాసై, పార్ట్ 61కి కావాల్సిన 50 గంటల పీఐసీ క్రాస్ కంట్రీ చేతిలో ఉంటే మూడు వారాల క్రాష్ కోర్సు తప్పే కాదు.

పీపీఎల్ దశ అలా కాదు. ల్యాండింగ్ నేర్చుకుంటున్నవాడిని రోజుకి రెండు సార్టీలు సర్క్యూట్‌లో తిప్పితే రెండోదాంట్లో ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు పైకెత్తడం) ఇంకా పాడవుతుంది. ఎత్తుని అంచనా వేసే కన్ను అలసిపోతుంది, వాడు రన్‌వే చివర చూడటం మానేసి ముక్కు కిందకి చూస్తాడు. ముందు ఎత్తులో ఫ్లేర్ చేసి బెలూన్ (మళ్ళీ పైకి తేలిపోవడం), తర్వాత భయపడి ఆలస్యంగా చేసి ముక్కు చక్రం మీద దిగడం. నోస్ గేర్ దెబ్బతినే ల్యాండింగ్‌లు ఎక్కువగా ఇలాంటివే. ఆ దశలో పొద్దున ఒక్క గంట, మధ్యాహ్నం గ్రౌండ్ క్లాస్, రాత్రి నిద్ర. అది వేగంగా కనిపించదు గానీ మొత్తం గంటలు తగ్గేది దానివల్లే.

ఇంకో లోటు: గాలి. ఆరు వారాల్లో పీపీఎల్ చేసినవాడు ఆ ఆరు వారాల గాలినే చూస్తాడు. ఫీనిక్స్ చుట్టుపక్కల మే, జూన్ వేడికి 1,100 అడుగుల ఎత్తున్న ఎయిర్‌పోర్టులో 43 డిగ్రీలప్పుడు డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచబడడం వల్ల విమానానికి అనిపించే ఎత్తు) దాదాపు 4,700 అడుగులు. క్లైంబ్ ఎంత చచ్చుబడుతుందో వాడికి తెలుస్తుంది. జనవరిలో వెళ్ళినవాడికి ఆ సంగతే తెలియదు, పరీక్షలో సమాధానం మాత్రం చెప్తాడు.

తోకచక్రం:
రెండేళ్ళు ఇక్కడ నేర్చుకున్నవాడు కూడా ఒకే రన్‌వే మీద, ఒకే టవర్‌తో మాట్లాడతాడండీ. అమెరికాలో క్లాస్ బి (పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే రద్దీ గగనతలం) పక్కనుంచి రోజూ వెళ్ళేవాడికి ఆర్టీ (రేడియోలో మాట్లాడటం) మీద వచ్చే ధైర్యం తక్కువదేం కాదు.

పద్దుపుస్తకం:
డబ్బు గురించి ఎవరూ రాయలేదు. ఫాస్ట్‌ట్రాక్ స్కూళ్ళలో చాలా వరకు మొత్తం ఫీజు ముందే కట్టమంటాయి, డిస్కౌంట్ ఎర వేస్తాయి. కట్టకండి. 2008 ఫిబ్రవరిలో నెవాడాలోని సిల్వర్ స్టేట్ హెలికాప్టర్స్ అనే పెద్ద శిక్షణ సంస్థ రాత్రికి రాత్రి మూతపడి దివాలా తీసింది. సుమారు 70 వేల డాలర్ల లోన్లు తీసి ముందే కట్టిన విద్యార్థులు కోర్సు మధ్యలో నిలబడిపోయారు. దశలవారీగా కట్టించుకునే స్కూలు చూసుకోండి: పీపీఎల్‌కి ఒకటి, ఇన్‌స్ట్రుమెంట్‌కి ఒకటి, అలా. అకౌంట్‌లో 10–15 గంటలకి సరిపడా మించి ఉంచొద్దు.

కోట్ చేసిన ధర కనీస గంటలకా, సగటు గంటలకా అడగండి. అద్దె హాబ్స్ మీటరు మీదా, టాకో (ఇంజిన్ వేగాన్ని బట్టి తిరిగే మీటరు) మీదా? హాబ్స్ ఇంజిన్ తిరిగినంతసేపూ తిరుగుతుంది. రద్దీ ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ, హోల్డ్ కలిపి ప్రతి సార్టీకి 15–20 నిమిషాలు నేలమీదే కరిగిపోతాయి. డీపీఈ ఫీజు, తప్పితే రీటెస్ట్ ఫీజు, హెడ్‌సెట్, రెంటర్స్ ఇన్సూరెన్స్ ఇవేవీ ప్యాకేజీలో ఉండవు. ఆ పైన, తిరిగొచ్చాక ఇక్కడ స్కిల్ టెస్టులకి ఎగిరే గంటల ధర.

ఇంటర్‌సెకండియర్:
ఇంతకీ వెళ్ళాలా వద్దా? వెళ్తే ఏ వరసలో?

హుడ్‌కింద:
ఇక్కడ పని పూర్తి చేసి వెళ్ళేవాడికి ఫాస్ట్‌ట్రాక్ లాభమే. ఆ పని వాయిదా వేసి వెళ్ళేవాడికి నష్టం. నా మాట అంతే, గాలివాటం గారు ఒప్పుకోకపోవచ్చు.

ముందు డీజీసీఏ క్లాస్ 2, దాని వెంటే క్లాస్ 1 మెడికల్. అమెరికా మెడికల్ పాసై ఇక్కడ క్లాస్ 1 దగ్గర ఆగిపోతే ఖర్చంతా వృథా. తర్వాత ఇంటర్ బోర్డు నుంచి మార్కుల మెమో వెరిఫికేషన్ తెప్పించుకుని ఈజీసీఏలో (డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్) కంప్యూటర్ నంబర్ (పరీక్షలు రాయడానికి కావాల్సింది). దీనికే వారాలు పడుతుంది, పేరులో ఇనీషియల్ ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉంటే ఇంకా ఎక్కువ. పాస్‌పోర్టు, మెమో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉండేలా ఇప్పుడే సరిచేయించుకో.

ఆ తర్వాత నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు ఇక్కడే రాసెయ్, పాస్ మార్కు 70 శాతం. విదేశీ లైసెన్సు తెచ్చుకున్నాక రెగ్యులేషన్స్, కాంపోజిట్ (నావిగేషన్, మెటియరాలజీ కలిపిన పేపర్) మాత్రమే రాసే దారి ఉంది, పేపర్లు తక్కువని అందరూ దానికే మొగ్గుతారు. కానీ అప్పటికి నీ నైట్ గంటల ఆరు నెలల గడువు నడుస్తుంటుంది. ముందే రాసి వెళ్తే ఎఫ్ఏఏ రాతపరీక్షలు కూడా తేలికవుతాయి.

అప్పుడు స్కూలుకి మెయిల్ పెట్టు: డీజీసీఏకి 100 గంటలు ఒంటరి పీఐసీ కావాలి, సేఫ్టీ పైలట్ గంటలు వద్దు, దానికి తగ్గట్టు సిలబస్, కొటేషన్ ఇవ్వండి అని. రాతపూర్వకంగా జవాబివ్వని స్కూలుని వదిలెయ్. ఎం-1 (వృత్తి శిక్షణకిచ్చే విద్యార్థి) వీసా అయితే ఏడాది గడువు, దాంట్లో కనీసం రెండు నెలలు చెక్‌రైడ్ ఆలస్యాలకి విడిచిపెట్టు.

ఫ్లోరిడా ఎంచుకుంటే అక్టోబరులో మొదలయ్యేలా ఐ-20 (వీసా కోసం స్కూలిచ్చే అడ్మిషన్ పత్రం) అడుగు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ మధ్యాహ్నం కాగానే ఉరుములు మొదలవుతాయి, సోలో క్రాస్ కంట్రీలు పొద్దున 11 లోపే ముగించాలి. అక్టోబరులో మొదలుపెడితే ఒంటరి గంటలు ఎక్కువ కావాల్సిన కమర్షియల్ దశ మే లోపు అయిపోతుంది.