ఫిన్లాండ్‌కు ఎప్పుడు వెళ్ళాలి: డిసెంబరు మంచుకా, వేసవి సరస్సులకా?

వరంగల్ ప్రయాణికురాలు
అందరికీ నమస్కారం. కుటుంబంతో ఒక్కసారి ఫిన్లాండ్ చూసి రావాలని నాలుగేళ్ళుగా డబ్బు కూడబెడుతున్నాం. వచ్చే ఏడాదికి కుదిరేలా ఉంది. చేతిలో తొమ్మిది రోజులు. నేను, మా వారు, తొమ్మిదేళ్ళ బాబు, మా అత్తగారు, మామగారు. మామగారికి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. అత్తగారు శాకాహారి.

మా వారి పట్టుదల డిసెంబరు మీద. ఉత్తరాన ఉన్న రోవానియెమి ఊళ్ళో శాంటా గ్రామం, రెయిన్‌డీర్ బండి, గాజు కప్పున్న గది, అదే గాజు ఇగ్లూలో పడుకుని రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, ధ్రువకాంతులు చూడటం. నా మనసేమో జులై మీద. సరస్సు ఒడ్డున చెక్క కుటీరంలో వారం రోజులు ఎక్కడికీ పరుగెత్తకుండా ఉండాలని. రెండు వారాలుగా ఇంట్లో ఇదే చర్చ. రెండోసారి వెళ్ళే స్తోమత మాకు లేదు కాబట్టి "రెండూ చూడండి" అని మాత్రం చెప్పవద్దు. ఒకటే ఎంచుకోవాలంటే ఏది?

కువోపియో నివాసి
అమ్మా, నేను పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. నా మాట సూటిగా చెబుతాను: వేసవి. ఈ దేశంలో లక్షా ఎనభై ఎనిమిది వేల సరస్సులున్నాయి. డిసెంబరులో వస్తే వాటిలో చాలావరకు మీకు సరస్సులుగా కనిపించవు. చెట్ల మధ్య తెల్లటి మైదానాలు కనిపిస్తాయి, అంతే. నేలలో నాలుగింట మూడు వంతులు అడవి, ఆ అడవి మధ్యలో నీరు. ఈ రెండూ కలిసి ఉన్న చోటు చూడకుండా వెళితే ఫిన్లాండ్ చూసినట్టు నేను ఒప్పుకోను.

ఇక్కడి వాళ్ళు సెలవులకు ఎక్కడికి వెళతారో గమనించండి. యాభై ఆరు లక్షల జనాభాకు ఐదు లక్షలకు పైగా వేసవి కుటీరాలున్నాయి. వాటిని 'మోక్కి' అంటారు. జులై వచ్చిందంటే నగరం ఖాళీ. అక్కడ వాళ్ళు చేసే పని కూడా పెద్దగా ఏమీ ఉండదు. కట్టెలు కొట్టడం, ఆవిరిస్నానానికి సౌనా వేడిచేయడం, ఒళ్ళు కాగాక చెక్కమెట్ల మీదుగా నీళ్ళలోకి దిగడం, మళ్ళీ సౌనాలోకి రావడం. రాత్రి పదకొండుకు కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు. మీరు కోరుకున్న "పరుగెత్తని సెలవు" అదే.

చోటు అడిగితే సైమా సరస్సు అంటాను. దేశంలో అన్నిటికన్నా పెద్దది. దాదాపు 4,400 చదరపు కిలోమీటర్ల నీరు, వేల దీవులు. ఒక పెద్ద చెరువులా ఊహించుకోవద్దు, అది చిక్కుముడి. ఎటు తిరిగినా మరో పాయ, మరో దీవి. అందులో మాత్రమే బతికే ఒక జాతి సీల్ ఉంది. మంచుయుగం తరువాత నేల పైకి లేచి సముద్రంతో దారి తెగిపోతే, లోపల చిక్కుకుని మంచినీటికే అలవాటుపడిన జంతువు. ఇప్పటికీ మిగిలినవి కొన్ని వందలే. సవోన్‌లిన్నా ఊళ్ళో నీటి మధ్యన 1475లో కట్టడం మొదలుపెట్టిన ఒలావిన్‌లిన్నా కోట ఉంది. జులైలో ఆ కోట లోపలే సంగీత నాటకాల ఉత్సవం జరుగుతుంది.

మంచుబాట
కువోపియో గారు చెప్పినది అందంగా ఉంది. కానీ అది అక్కడ పదకొండేళ్ళు ఉన్నవారి కోరిక. మనం ఒక్కసారి వెళ్ళేవాళ్ళం. నీళ్ళు, చెట్లు, పడవ మనకు కొత్త కాదు. పాపికొండలు, పాకాల, లక్నవరం చూసిన పిల్లవాడికి జీవితంలో ఎరగనిది మంచు. మోకాలి లోతు మంచు.

గత డిసెంబరులో మా అమ్మను తీసుకుని హైదరాబాదు నుంచి వెళ్ళాం. హెల్సింకి నుంచి రోవానియెమికి రాత్రి రైలు ఎక్కాం, పన్నెండు గంటల ప్రయాణం. పొద్దున తెర పక్కకు జరిపితే కిటికీ బయట బరువుకు వంగిన చెట్లు. అమ్మ మాట్లాడకుండా అరగంట చూసింది. చీకటి అని అందరూ భయపెడతారు. నిజమే, అక్కడ ఆ నెలలో సూర్యుడు కనిపించేది రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. కానీ మిగతా సమయమంతా నల్లటి చీకటి కాదు. పగటి పూట గంటల తరబడి ఆకాశం నీలంగా ఉంటుంది, ఆ నీలం మంచు మీద పడుతుంది. ఆ చీకటి కాలానికి 'కామోస్' అని పేరు. ఆ వెలుగును నేను మరెక్కడా చూడలేదు.

ధ్రువకాంతుల విషయంలో నిజం చెప్పాలి. ఐదు రాత్రులు ఉన్నాం, ఐదు రాత్రులూ మబ్బే. కనిపించలేదు. అయినా వెళ్ళినందుకు విచారం లేదు. మీ వారి పక్షాన నా ఓటు.

కువోపియో నివాసి
మంచుబాట గారూ, మీ అమ్మగారి అరగంట మౌనాన్ని నేను కాదనను. కానీ మీరే చెప్పారు, ఐదు రాత్రులు మబ్బు అని. ఆకాశం తేటగా ఉంటేనే ధ్రువకాంతి. డిసెంబరు ఇక్కడ మబ్బుల నెల. ఫిబ్రవరి, మార్చి అయితే చలి ఎక్కువైనా ఆకాశం తేలికపడుతుంది. మొత్తం ఖర్చు ఆ ఒక్క దృశ్యం మీద పెట్టేవారికి డిసెంబరు అన్నిటికన్నా ఖరీదైన నెల, నమ్మకం తక్కువ నెల కూడా. మేము చూసిన ధరల ప్రకారం గాజు ఇగ్లూలో ఒక్క రాత్రికయ్యే సొమ్ముతో సరస్సు కుటీరంలో మూడు నాలుగు రాత్రులు గడపవచ్చు, అదీ ఐదుగురూ.

మామగారి మోకాళ్ళ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మంచు మీద కన్నా, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టిన బాట మీద నడక ప్రమాదం. ఇక్కడి పెద్దవాళ్ళు బూట్ల కింద మేకుల పట్టీలు తొడుక్కుని తిరుగుతారు. అలవాటు లేనివారు ఒక్కసారి జారితే మిగతా సెలవంతా ఆసుపత్రిలోనే.

ఔలు విద్యార్థి
ఒక మాట వినండి. లాప్లాండ్, అంటే రోవానియెమి ఉన్న ఆ ఉత్తర ప్రాంతం, అనగానే అందరూ శాంటా, ఇగ్లూ అంటున్నారు. అది బొమ్మల కొలువు కాదు, మనుషులు బతికే చోటు. 1944లో వెనక్కి వెళ్ళే జర్మన్ సైన్యం రోవానియెమిని దాదాపు మొత్తంగా కాల్చేసింది. ఇప్పుడున్న ఊరు ఆ బూడిద మీద మళ్ళీ కట్టినది. వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో వీధుల పటాన్ని రెయిన్‌డీర్ తల, కొమ్ముల ఆకారంలో గీశారు. శాంటా గ్రామం వచ్చింది 1985లో. ఇప్పుడు చలికాలపు రద్దీకి ఊళ్ళో ఇళ్ళు రోజువారీ అద్దెలకు పోతున్నాయని, అక్కడ ఉండేవారికి ఇళ్ళు దొరకడం లేదని గట్టి చర్చే నడుస్తోంది.

సామీలు ఆ ఉత్తరాదికి మూలవాసులు. వాళ్ళ బట్టలను పోలిన వేషాలు వేసి పర్యాటకులకు చూపించడం మీద వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అభ్యంతరం చెబుతున్నారు. ఉత్తరానికే వెళ్ళదలిస్తే ఇనారి దాకా వెళ్ళండి. అక్కడి 'సీదా' సంగ్రహాలయంలో వాళ్ళ కథను వాళ్ళే చెబుతారు. నేను చలికాలానికి వ్యతిరేకిని కాను. ఫొటో కోసం వెళ్ళవద్దంటున్నాను.

ఎస్పో అమ్మ
వేసవిని ఇక్కడ మరీ స్వర్గంలా చూపిస్తున్నారు. ఇద్దరు పిల్లలతో ఆరు వేసవులు గడిపిన దాన్ని, నేను చూసినవి చెబుతాను.

దోమలు. జూన్ చివరి నుంచి జులై అంతా. అడవిలో సాయంత్రం నిలబడితే ముఖం మీద తెరలా కమ్ముకుంటాయి. మన దోమలకన్నా పెద్దవి. లాప్లాండ్‌లో నల్లఈగలు కూడా కలిసి వస్తాయి. ఆ బాధకు అక్కడ 'ర్యాక్క' అని విడిగా ఒక పేరే ఉంది. పొడవు గడ్డిలో పిడుదులు. ఒంటిని పట్టి జబ్బులు తెస్తాయి, రాత్రి పడుకునే ముందు పిల్లల కాళ్ళు, మోకాళ్ళ వెనక భాగం చూడాల్సిందే.

వాన. జులైలో పదునాలుగు డిగ్రీల వానలో నాలుగు రోజులు కుటీరంలో కూర్చున్నాం. వెలుతురుకు పిల్లలు నిద్రపోరు, నల్లటి తెరలు ఉన్నాయో లేదో ముందే అడగాలి.

కుటీరం తీసుకునేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. లోపల నీళ్ళ కుళాయి ఉందా? మరుగుదొడ్డి ఇంట్లోనా, బయట 'హూస్సి' అనే పొడి దొడ్డా? మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన అర్ధరాత్రి చెట్ల మధ్య నడవలేరు. దుప్పట్లు ఇస్తారా, మనమే తేవాలా? కారు లేకుండా చేరుకోవచ్చా? చాలా చోట్ల చేరుకోలేం. జులైలో చాలామంది యజమానులు శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కనే ఇస్తారు, వెళ్ళేటప్పుడు ఇల్లు మనమే శుభ్రం చేయాలి.

జూన్ 20కీ 26కీ మధ్య వచ్చే శనివారం నడివేసవి పండుగ యుహన్నుస్. నీటి ఒడ్డున పెద్ద మంటలు వేస్తారు, చూడదగినదే. కానీ ఆ శుక్ర, శనివారాలు దుకాణాలు, హోటళ్ళు చాలావరకు మూసి ఉంటాయి. తెలియక ఆ రోజుల్లో హెల్సింకిలో దిగి తిండికి ఇబ్బంది పడిన మనవాళ్ళను చూశాను.

అత్తగారి భోజనానికి దిగులు వద్దు. రై పిండి అంచులో అన్నపు జావ నింపి కాల్చే కరేలియా పిరక్కా అన్ని దుకాణాల్లో ఉంటుంది. హెల్సింకిలో హకానియెమి వైపు ఆసియా సరుకుల దుకాణాలున్నాయి, బియ్యం, కందిపప్పు అక్కడే కొనుక్కోండి. మీ దగ్గర నుంచి ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు మాత్రం పెట్టుకోవద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల, మాంస పదార్థాలు తేవడానికి వీల్లేదు.

సెప్టెంబరు పక్షి
ఇరువైపుల వారూ నా నెలను మరిచిపోయారు. సెప్టెంబరు రెండు, మూడు వారాల్లో లాప్లాండ్ అడవి నేల ఎర్రగా, బర్చ్ చెట్లు పసుపుగా మారిపోతాయి. దాన్ని 'రుస్కా' అంటారు. దోమలు పోతాయి. రాత్రులు చీకటిపడతాయి కాబట్టి ధ్రువకాంతులు మళ్ళీ కనిపిస్తాయి, సరస్సులు ఇంకా గడ్డకట్టవు కాబట్టి ఆ కాంతి నీళ్ళలోనూ కనిపిస్తుంది. ఫిన్నిష్ భాషలో ధ్రువకాంతి పేరు 'రేవొన్‌తులెత్', అంటే నక్క మంటలు. తోకతో మంచును చిమ్ముతూ పరుగెత్తే నక్క వల్ల ఆకాశంలో నిప్పు లేస్తుందని పాత కథ.

అడవిలో ఎర్రటి లింగన్ బెర్రీలు పండేది అప్పుడే. ఎవరి అడవైనా సరే, ఇళ్ళ పెరళ్ళు వదిలి, ఎవరైనా నడవవచ్చు, పళ్ళు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. పరదేశి అయినా అంతే. అడుగడుగునా కంచెలు చూసిన మనకు ఈ హక్కు విలువ అక్కడ నడిస్తేనే తెలుస్తుంది. పుట్టగొడుగుల జోలికి మాత్రం తెలిసినవాళ్ళు పక్కన లేకుండా వెళ్ళవద్దు.

వరంగల్ ప్రయాణికురాలు
ఇన్ని వివరాలు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చుంటే అసలు చిక్కు కనిపించింది. బాబుకు బడి. మన దగ్గర వేసవి సెలవులు జూన్ రెండో వారంతో అయిపోతాయి, జులైలో తొమ్మిది రోజులు బడి మానిపించలేను. సెప్టెంబరు మధ్యలోనూ కుదరదు. దసరా సెలవులనుకుంటే ఆ పాటికి ఉత్తరాన రుస్కా అయిపోతుంది. డిసెంబరులో క్రిస్మస్‌కు మా బడి ఇచ్చేది కొద్ది రోజులే, ధరలు మండేది కూడా అప్పుడే. మిగిలింది మే చివరి వారం, జూన్ మొదటి వారం. అప్పుడు వస్తే రెంటికీ చెడతామా?

కువోపియో నివాసి
చెడరు. నేను జులై జులై అని మొదటి నుంచీ పట్టుబట్టాను కానీ, మీ పరిస్థితిలో ఇది జులై కన్నా మేలు. మా దగ్గర సరస్సుల మంచు మే మొదట్లోనే వీడిపోతుంది. జూన్ మొదటి వారానికి బర్చ్ ఆకు లేతగా ఉంటుంది, బర్డ్ చెర్రీ చెట్లు తెల్లగా పూస్తాయి. దోమల దండు ఇంకా లేవదు. ఇక్కడి బడులకు అప్పుడే సెలవులు మొదలు, జనం ఇంకా కదలరు, అందుకే కుటీరాలు జులై కన్నా చవక. పైగా ఆ సీల్ సంగతి: ఏటా మే నెలలో బొచ్చు రాల్చుకునే కాలంలో అవి రాళ్ళెక్కి ఎండకాగుతాయి. ఏడాదిలో వాటిని చూడటానికి అదే మంచి అదను. లిన్నన్‌సారి జాతీయ ఉద్యానం వైపు పడవలు తిప్పేవారితో ముందే మాట్లాడుకోండి, మే చివరికే పెట్టుకుంటే మంచిది.

లోపాలు కూడా చెప్పాలి. నీళ్ళు చల్లగా ఉంటాయి, సౌనా నుంచి నేరుగా దిగితే తప్ప ఈత కష్టం. పగలు పదిహేను, ఇరవై డిగ్రీలు, స్వెటర్లు కావాలి. సంగీత ఉత్సవం ఉండదు, అడవిలో పళ్ళు ఉండవు. ఆ వెలుతురులో ధ్రువకాంతులు అసలు కనిపించవు. మీ వారికి ఆ మాట ఇప్పుడే చెప్పండి.

మంచుబాట
నా అభిప్రాయం మార్చుకోలేదు. పిల్లవాడికి మంచు చూపించే వయసు ఇదే. కానీ మామగారిని ఇంట్లో వదలకుండా అందరూ కలిసి వెళ్ళాలన్నదే మీ కోరికైతే జూన్‌కు నేను అడ్డు చెప్పను. ఒక్క సాయం చేస్తాను. ఫిన్లాండ్‌తో పాటు యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. మనవాళ్ళందరూ వేసవి సెలవులకే ఎగబడతారు కాబట్టి ఏప్రిల్ దాకా ఆగవద్దు. జూన్ 2024 నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మామగారి వయసుకు ఆ బీమా ధర ఎక్కువ పడుతుంది, దాన్ని ఖర్చులో కలుపుకోండి.

వరంగల్ ప్రయాణికురాలు
మా వారికి చదివి వినిపించాను. ధ్రువకాంతులు లేవనగానే కాసేపు మాట్లాడలేదు. ఆయనకు అది చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక, దాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. బాబును అడుగుదామన్నారు. అడిగితే వాడు మంచు అనలేదు, సీల్ అనలేదు. కుటీరానికి పడవ ఉంటుందా, తెడ్డు వాడే వేయవచ్చా అని అడిగాడు. ఉంటుందా?

కువోపియో నివాసి
సరస్సు ఒడ్డు కుటీరాల్లో చాలావాటికి తెడ్ల పడవ కూడా అద్దెలోనే కలిసి ఉంటుంది. కానీ లైఫ్ జాకెట్లు తరచుగా పెద్దవాళ్ళ కొలతవే పెడతారు. బాబు బరువు ఎంతో యజమానికి ముందే రాసి, వాడి కొలతది తెప్పించి ఉంచమని అడగండి.