తంగేడును పంటగా వేయాలా, ఉన్నదాన్ని కాపాడితే చాలా?

హన్మకొండ ఆడపడుచు:
చిన్నప్పుడు ఎంగిలిపూల రోజు సంచి పట్టుకుని ఊరి వెనక గుట్టకు పోతే గంటలో తంగేడు నిండేది. ఇప్పుడా గుట్ట సగం ప్లాట్లయింది. నిరుడు సద్దుల బతుకమ్మకు మార్కెట్లో కట్టలు కొన్నాను, ఇంటికొచ్చేసరికి సగం వాడిపోయాయి. 2014లో రాష్ట్ర పుష్పం చేసుకున్న పువ్వుకు ఈ గతా? రైతులు కనీసం రెండు గుంటల్లో వేయాలని నా వాదన.

పత్తి రైతు, పర్వతగిరి:
అక్కా, తొమ్మిది రోజుల పువ్వుకు రెండు గుంటలు ఎవరిస్తారు? కోసిన పువ్వు నిల్వ ఉండదు. పత్తి ఏరుడు మొదలయ్యే రోజుల్లో పూలు కోయడానికి కూలీలు ఎక్కడ దొరుకుతారు? తంగేడు మనం వేస్తే వచ్చిన చెట్టు కాదు, దానంతట అదే మొలుస్తుంది.

జనగామ తమ్ముడు:
చిక్కుడు జాతే కదన్నా, గాలిలోని నత్రజనిని భూమికి ఇస్తుంది. ఆ లాభం లెక్కేయండి.

రిటైర్డ్ సైన్స్ టీచర్:
తమ్ముడూ, ఆ లెక్క తప్పు. తంగేడు చిక్కుడు కుటుంబానిదే కానీ కంది, పెసర వేళ్లకు ఉండే బుడిపెలు దీనికి రావు. ఒక మొక్క పీకి చూడండి. దాని సత్తువ ఆకులో ఉంది: మా నాయన దమ్ము చేసేటప్పుడు తంగేడు మండలు తెచ్చి మడిలో తొక్కించేవాడు. బెరడులో తోలును పదును చేసే గుణం ఉండడంతో తోళ్లు నానబెట్టే లందల్లో కూడా వాడేవారు. ఈ రెండు పనులూ పోయాక చెట్టు అక్కరకు రానిదైంది. పండుగ దగ్గరపడితే మాత్రం కత్తితో కొమ్మలకు కొమ్మలు నరికి ఆటోల్లో వేసుకుపోతున్నారు. కొమ్మ పోతే కాయ కట్టదు, గింజ రాలదు. ఇక మొలిచేదేంటి? మిగిలినదాన్ని గెట్ల మీద, అంటే చేల మధ్య గట్ల మీద కొట్టే గడ్డి మందు మాడ్చేస్తోంది.
అందుకే చేను వద్దు, గెట్టు చాలు అంటాను. గింజ పైపొర గట్టిది. వేడి నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, తొలకరికి గెట్టు మీద వేయండి. ఎర్రచెలక దానికి బాగా పడుతుంది, తర్వాత నీళ్లు పెట్టే పని కూడా ఉండదు.

పత్తి రైతు, పర్వతగిరి:
సారూ, మందు కొట్టకపోతే గడ్డి చేన్లోకి దిగుతుంది. గెట్టు చెక్కించాలంటే మళ్లీ కూలీ. పక్క చేను ఆయన కూడా ఒప్పుకోవాలి, గెట్టు ఇద్దరిదీ.

హన్మకొండ ఆడపడుచు:
కూలీ మాట నిజమే తమ్ముడూ, నేను దాన్ని ఆలోచించలేదు. సారూ, గింజ ఎప్పుడు తీయాలి?

రిటైర్డ్ సైన్స్ టీచర్:
కాయ గోధుమరంగుకు తిరిగి ఎండాక తీయాలమ్మా. ఒక్క చెట్టుదే మొత్తం కోయకండి, కొంత రాలనివ్వండి.

పత్తి రైతు, పర్వతగిరి:
పంటగా వేయమంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ చెరువు వైపు గెట్టు మీద ఐదు చెట్లున్నాయి, ఈసారి అక్కడ మందు కొట్టను. అక్కా, సద్దులకు వచ్చి కోసుకోండి. కత్తి మాత్రం తేవద్దు, పువ్వు వరకే తుంచాలి.