రాఘవపురం షేల్ హార్స్ట్ మీద పలచబడితే ఫాల్ట్ అప్పుడు కదిలినట్టేనా?

పీజీ_జియాలజీ:
కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్ మీద క్లాసు ఎక్సర్‌సైజ్ అండీ. అంకెలు లెక్క కోసం ఇచ్చినవే, నిజం బావులవి కావు. గుడివాడ గ్రాబెన్ (ఫాల్ట్‌ల, అంటే రాతి పొరలు చీలి జరిగిన పగుళ్ల, మధ్య కుంగిన భాగం) బావిలో రాఘవపురం షేల్ (బురద గట్టిపడిన రాయి) 600 మీటర్లు, కాజ–కైకలూరు హార్స్ట్ (ఫాల్ట్‌ల మధ్య పైకి నిలిచిన భాగం) మీద బావిలో 310. మొదటిది 30 డిగ్రీలు వాలుగా తవ్వింది, రెండోది నిటారు. పొరలు దాదాపు చదును. నిష్పత్తి 1.94 వచ్చింది. తొలి క్రెటేషియస్ సముద్రంలో ఈ బురద పేరుకుంటుండగానే ఫాల్ట్ కదిలిందని రాసేయొచ్చా?

లాగ్_పట్టీ:
ఆగండి. ఆ 600 మందం కాదు, బిట్ నడిచిన దూరం. కాస్ 30తో గుణిస్తే 520. నిష్పత్తి 1.68కి దిగిపోయింది.

ఇక కంపాక్షన్, అంటే పై బరువుకి నలిగి పలచబడటం. గ్రాబెన్‌లోది లోతుకు పోయి ఎక్కువ నలిగింది. పోరాసిటీ (రాతిలో రంధ్రాల వాటా) అక్కడ 15 శాతం, హార్స్ట్ మీద 22 అనుకుందాం. 520×0.85 = 442, 310×0.78 = 242. ఘనపదార్థం నిష్పత్తి 1.83. మొదట్లో బురద పోరాసిటీ 60 అనుకున్నా 70 అనుకున్నా, రెండు పక్కలా అదే పెడితే నిష్పత్తి మారదు, దానిమీద తల బద్దలుకొట్టుకోకండి. పేచీ అంతా ఇప్పటి పోరాసిటీతోనే. షేల్‌లో న్యూట్రాన్ లాగ్‌ని (హైడ్రోజన్‌ని బట్టి పోరాసిటీ చెప్పే బావి కొలత) నమ్మొద్దు, క్లే ఖనిజాలు పట్టుకున్న నీటినీ రంధ్రాల నీటి లెక్కలోనే వేస్తుంది. డెన్సిటీ లాగ్ తీసుకోండి, పక్కన కాలిపర్ (బావి వెడల్పు కొలిచేది) పెట్టుకుని. గోడ కూలి బావి వెడల్పైన చోట డెన్సిటీ తక్కువ చూపిస్తుంది, లేని పోరాసిటీ పుట్టుకొస్తుంది.

గ్రాబెన్_గట్టు:
ఒక్క అంకెతో ఫాల్ట్ కదిలిందని తేలదు. షేల్‌ని ముక్కలు చేయండి. గామా (రాతి సహజ రేడియోధార్మికత), రెసిస్టివిటీ (విద్యుత్ నిరోధం) రెండూ ఎక్కువుండే హెచ్‌జీ-హెచ్‌ఆర్ పట్టీ రెండు బావుల్లోనూ దొరికితే అదొక గీత, మిగతా గీతలు ఫొరామినిఫెరాతో (పొర వయసు చెప్పే సూక్ష్మ సముద్రజీవుల శిలాజాలు).

ప్రతి ముక్కా హార్స్ట్ మీద పలచబడితే ఫాల్ట్ పేరుకుంటుండగా కదిలింది. కింది ముక్కలు సమానంగా ఉండి పైది మాత్రం కోసుకుపోతే అది తర్వాతి కోత. అడుగు ముక్కలే లేకుండా పైవి సమానమైతే అక్కడ ముందే గుట్ట ఉంది, బురద దాని అంచుల మీదికి ఎక్కుతూ వచ్చింది. మధ్యలో ఒక ముక్క మాయమైతే మాత్రం బావే ఏదో నార్మల్ ఫాల్ట్‌ని దాటి ఉండొచ్చు, అలాగైతే మందానికి దానితో సంబంధం లేదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

పై హద్దు ఎక్కడ పెట్టారు? తిరుపతి సాండ్‌స్టోన్ మొదలైన చోటైతే జాగ్రత్త, ఇసుక రెండు చోట్లా ఒకేసారి వచ్చి ఉండకపోవచ్చు. (ఈ తిరుపతి ఏడుకొండలది కాదు, ఏలూరు దగ్గరి చిన్న తిరుపతి.)

పీజీ_జియాలజీ:
పై హద్దు ఇసుక దగ్గరే పెట్టా సార్, మార్చి హార్స్ట్ మీద కూడా ఉన్న ఫొరామినిఫెరా గీతకి తెచ్చా. నాలుగు ముక్కలకి నిష్పత్తులు కింద నుంచి 2.6, 2.2, 1.3, 1.0.

గ్రాబెన్_గట్టు:
అయితే 1.83 అని మొత్తానికి రాయొద్దు. కింది రెండింట్లో జోరుగా కదిలింది, మూడో దాంట్లో నెమ్మదించింది, పైదానికి ఆగిపోయింది. ఆ 2.6 ముక్కలో అడుగు పొరల ఫొరామినిఫెరా హార్స్ట్ మీద ఉన్నాయో లేవో ఒకసారి చూడండి. లేకపోతే అందులో కొంత పాత గుట్ట వాటా.