టీబీ మందులు వాడినా దగ్గు తగ్గలేదు, ఇప్పుడు ఎన్‌టీఎం అంటున్నారు

ప్రశ్న (గుంటూరు)
అమ్మకు 61 ఏళ్లు. 2009లో టీబీ వచ్చి నయమైంది కానీ కుడి ఊపిరితిత్తి పైభాగంలో శ్వాసనాళాలు సాగిపోయాయి, బ్రాంకియెక్టాసిస్ అన్నారు. అప్పటి నుంచి చలికాలమంతా కఫమే. ఈసారి సంక్రాంతి తర్వాత జ్వరం పట్టుకుంది, ఆరు కిలోలు తగ్గింది. కఫంలో క్రిములు కనిపించాయని మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టారు. మూడు నెలలు మింగినా దగ్గు అలాగే ఉంది. వేరే డాక్టరుగారు సీబీనాట్ (కఫంలో టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) చేయిస్తే టీబీ లేదని వచ్చింది. కల్చర్‌లో, అంటే కఫంలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, 'మైకోబాక్టీరియం ఇంట్రాసెల్యులేర్' పెరిగింది. ఇది ఎన్‌టీఎం అట, అంటే టీబీ క్రిమి కాదు గానీ దాని జాతికే చెందిన మరో క్రిమి. అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంది. నాలుగేళ్ల మనవడిని గదిలోకి రానివ్వడం లేదు. వాడు గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. ఇది పిల్లలకు అంటుతుందా?

జవాబు 1
నేను 19 ఏళ్లుగా కఫం పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నానండి. స్లైడు మీద ఎర్రటి కడ్డీలు కనిపిస్తే 'పాజిటివ్' అని రాస్తాం. అవి టీబీ క్రిములో, వాటి దాయాదులో ఆ ఎరుపును బట్టి తెలియదు. సీబీనాట్ వెతికేది టీబీ జన్యువును మాత్రమే. స్లైడు పాజిటివ్, సీబీనాట్ నెగెటివ్ అయితే ఎన్‌టీఎంను అనుమానించాల్సిందే. అయితే ఈ క్రిములు నీళ్లలో, మట్టిలో ఉంటాయి కాబట్టి ఒక్క కల్చర్ చాలదు. వేర్వేరు రోజుల్లో తీసిన కనీసం రెండు నమూనాల్లో అదే రకం పెరగాలి, సీటీ స్కాన్‌లోనూ ఆనవాళ్లు ఉండాలి. నమూనా ఇచ్చే ముందు కుళాయి నీళ్లతో పుక్కిలించవద్దని అమ్మగారికి చెప్పండి.

జవాబు 2 (వరంగల్)
అమ్మా, నాకు సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఉండగా ఇదే క్రిమి పట్టింది. వారానికి మూడు రోజులు అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ వేసుకున్నాను. కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాది పాటు ఆపకూడదన్నారు. మొత్తం 17 నెలలు పట్టింది. ఊపిరితిత్తిలో గుంట పడి ఉంటే రోజూ వేసుకోవాలట. అజిత్రోమైసిన్ ఒక్కటే రాసిస్తే మాత్రం ఒప్పుకోకండి, క్రిమి దానికి లొంగకుండా పోతుంది. కళ్ల పరీక్ష మానవద్దు. అయిదో నెలలో నాకు గంపలో పండుమిర్చి ఏదో, పచ్చిమిర్చి ఏదో తెలియలేదు. ఆ రోజే ఇథాంబుటాల్ ఆపించి మందు మార్చారు, చూపు దక్కింది. ఇది టీబీలాగా మనిషి నుంచి మనిషికి పాకే జబ్బు కాదని మా డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఆ 17 నెలలూ నా మనవరాలు నా పక్కనే పడుకుంది.

ప్రశ్న అడిగినవారు
మీ ఇద్దరి జవాబులూ అమ్మకు చదివి వినిపించాను. మనవరాలి మాట రెండుసార్లు చదివించుకుంది. డాక్టరుగారు టీబీ మందులు ఆపమన్నారు. రెండో నమూనా సోమవారం ఇస్తున్నాం. ఫలితానికి ఆరు వారాల దాకా పట్టవచ్చట. రాత్రి వాడికి అన్నం అమ్మే కలిపి పెట్టింది.