ట్రాకియోస్టమీ ట్యూబు ఉన్న పాప: రాత్రిళ్లు మా వదినకు నేను ఎలా తోడు కాగలను?

ప్రశ్న: గాజువాక బాబాయి

మా అన్నయ్య కూతురికి 14 నెలలు. శ్వాసమార్గం ఇరుకుగా ఉండటంతో ట్రాకియోస్టమీ చేసి, అంటే గొంతు ముందు భాగంలో రంధ్రం చేసి, ఊపిరి దాని గుండా ఆడేలా 4.0 సైజు ట్యూబు అమర్చి, మూడు నెలల కిందట ఇంటికి పంపారు. అన్నయ్యవి షిఫ్టు డ్యూటీలు కావడంతో, సీ షిఫ్టు పడిన వారమంతా రాత్రిళ్లు వదిన ఒక్కతే మేలుకొని ఉంటుంది. పాప ఏడ్చినా శబ్దం బయటికి రాదు కనుక ఆమె చెవులతో కాక కళ్లతో కాపలా కాయవలసి వస్తోంది. డిశ్చార్జి రోజున సక్షన్ చేయడం, అంటే ట్యూబులో చేరే కఫాన్ని మెషీనుతో లాగేయడం, ఆమె ఒక్కదానికే, అదీ అరగంటలో, చూపించి పంపేశారు. అమ్మా నేనూ వంట, సరుకులు, మందుల సంగతి చూస్తున్నాం గాని, ట్యూబు జోలికి వెళ్లాలంటే భయం. "నేను చూసుకుంటాను, నువ్వు పడుకో వదినా" అని రెండుసార్లు అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె నిజంగా పడుకోవాలంటే నేనేం చేయాలి?

జవాబు: ఎంవీపీ కాలనీ అమ్మ

ఆమె నవ్వి ఊరుకున్నది నమ్మకం చాలకే, అందులో మీ తప్పేమీ లేదు. మా బాబుకు రెండున్నరేళ్లు ట్యూబు ఉండేది. అది మూసుకుపోతే ఎదుటి మనిషి ఏం చేస్తారో కళ్లారా చూడనిదే తల్లికి నిద్ర పట్టదు. ట్యూబు పట్టీలు మార్చడానికి ఎలాగూ ఇద్దరు కావాలి: ఒకరు ట్యూబును కదలకుండా పట్టుకుంటే, మరొకరు పాత పట్టీ తీసి, మెడకూ పట్టీకీ మధ్య ఒక్క వేలు మాత్రమే దూరేలా కొత్తది కడతారు. మీరు అక్కడే మొదలుపెట్టండి. ఆ తరువాత పగటిపూట, ఆమె చూస్తుండగా, సక్షన్ చేయండి. మా ఆడపడుచు అలా నేర్చుకున్నాక, పదహారో రోజో పదిహేడో రోజో, నేను రాత్రి 10 నుంచి 3 దాకా పక్క గదిలో తలుపు వేసుకొని పడుకున్నాను. అదే గదిలో పడుకుంటే మెషీను మోతకు మళ్లీ లేస్తాం కనుక పక్క గదే కావాలి. ఆ అయిదు గంటలూ మీరు పాప పక్కన నడుం వాల్చడం కాదు, మేలుకొని కూర్చోవాలి.

మీ అమ్మగారికి కూడా ఒక పని ఉంది. జలుబుతో పరామర్శకు వచ్చేవారిని గుమ్మంలోనే ఆపడం, స్నానం తరువాత సాంబ్రాణి పొగ, పౌడరు వద్దని చుట్టాలకు చెప్పడం పెద్దవాళ్ల నోటి మీదుగా జరిగితేనే చెల్లుతుంది. కోడలు చెబితే అది పెంకితనం అవుతుంది. ముక్కు చేసే వడపోత ట్యూబుకు లేదు, పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది.

జవాబు: పిల్లల వార్డు నర్సు

ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లి, మరో ఇద్దరికి నేర్పమని అడగండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. ఇంట్లో వెంటిలేటరు మీద ఉండే పిల్లల కోసం అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు, కుటుంబంలో కనీసం ఇద్దరు శిక్షణ పొందాలని, అన్ని వేళలా ఒకరు మెలకువగా ఉండాలని చెబుతాయి. మీ పాపకు వెంటిలేటరు లేకపోయినా, ఒక్క మనిషి మీద భారం నిలవదన్న మాట మీ ఇంటికీ వర్తిస్తుంది.

4.0 ట్యూబుకు సాధారణంగా 8 నంబరు సక్షన్ క్యాథెటర్ (కఫం లాగే సన్నని గొట్టం) సరిపోతుంది. ఆసుపత్రిలో కొలిచి చెప్పిన పొడవును మించి దాన్ని లోపలికి తోయకూడదు, ఒక్కోసారి 10 సెకన్లు దాటకూడదు. క్యాథెటర్ లోపలికి దిగక, పాప పెదవులు నీలిబారుతుంటే ట్యూబు మూసుకుపోయిందనే అర్థం. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే రెండోవారు ట్యూబు మార్చాలి, వాహనం వచ్చేదాకా ఆగకూడదు. అందుకే అదే సైజు ట్యూబు ఒకటి, 3.5 సైజుది ఒకటి, కత్తెర, పట్టీలు, జెల్లీ, అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే తిత్తి) ఉన్న సంచి పాప మేడ మీదికి వెళ్లినా వెంట వెళ్లాలి. ట్యూబు మార్చడం ముందు బొమ్మ మీద నేర్చుకోండి.

జవాబు: పెందుర్తి నాన్న

ఒక్క విషయం కలుపుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు మన విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కూడా పలకలేదు. ఇన్వర్టరును నమ్ముకొని ఊరుకోకండి. బ్యాటరీ ఉన్న సక్షన్ మెషీనుతో పాటు కాలితో తొక్కేది కూడా ఒకటి ఇంట్లో ఉంచండి. బ్యాటరీని చార్జింగులో పెట్టే పని మీది అని ఈ రోజే చెప్పేయండి, వదినకు తలచుకోవలసిన వాటిలో ఒకటి తగ్గుతుంది.

గాజువాక బాబాయి

అందరికీ కృతజ్ఞతలు. ఆసుపత్రికి సోమవారం అమ్మా నేనూ వెళుతున్నాం. ఈ సాయంత్రం పట్టీలు మార్చేటప్పుడు ట్యూబు నేను పట్టుకుంటానని వదినకు చెప్పాను. గోళ్లు కత్తిరించుకొని, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని రమ్మంది.