అప్‌డేట్: మా అక్క పాపకు గ్రహణం మొర్రి ఎందుకొచ్చిందని అడిగాను కదా

అనంతపురంలో మా అక్కకు పైపెదవి చీలిన పాప పుట్టింది, గ్రహణం నాడు బయట తిరిగినందుకేనా అని అడిగింది నేనే. జవాబిచ్చిన వాళ్లందరికీ దండాలు.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. బిడ్డ కడుపున పడ్డ 4వ వారంలో, నోరు రాబోయే గుంత చుట్టూ 5 ఉబ్బులు లేస్తాయంట: పైన నుదుటి వైపు ఒకటి, పైదవడవి రెండు, కిందిదవడవి రెండు. వాటిలోని కణాలు చాలావరకు మెదడు తయారయ్యే చోటి అంచు నుంచి వలస వచ్చినవే. కోడికైనా, చేపకైనా ముఖానికి ఈ వలస కణాలే ఆధారం! పైదవడ ఉబ్బులు మధ్యకు జరిగి, నుదుటి ఉబ్బు నుంచి వచ్చే ముక్కు ఉబ్బులతో అతుక్కుంటే, 6, 7 వారాలకల్లా పైపెదవి వస్తుంది. అతుక్కోకపోతే చీలికే. అంగిలి ఇంకా తర్వాత, సుమారు 12వ వారానికి మూసుకుంటుంది.

గ్రహణం పట్టింది అక్కకు ఏడో నెలలో. పెదవి ఎప్పుడో ఏర్పడిపోయింది. ఈ మాట మా జేజికి అక్క ముందే చెప్పాను, అక్క వినాలనే. జన్యువులు, ఫోలిక్ యాసిడ్ లోపం, కొన్ని మందులు, పొగ తాగడం కారణం కావచ్చు. చాలాసార్లు ఫలానా కారణమని తేలదు కూడా.

పాప అంగిలి బాగుంది. పెదవికి ఆపరేషన్ మూడు నెలలు దాటాక చేస్తారు.